ఏడో పేజీలో లక్ష్మవ్వ

శారమ్మ ఏడో పేజీ మళ్ళీ తెరిచింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

చేతికి అంటిన మైదా జిగురు ఎండిపోయి వేళ్ళ సందుల్లో తెల్లగా పొరలు లేస్తోంది. ముందుగదిలో చాప మీద తొమ్మిది వందల ‘కోతకాలం’ క్రైస్తవ మాసపత్రిక కాపీలు ఊళ్ళవారీగా కట్టలుగా ఉన్నాయి. మెండోర కట్ట, రెంజల్ కట్ట, అన్నిటికన్నా లావుగా బోధన్ కట్ట. సాయంత్రం నాలుగింటిలోపు అవన్నీ పెద్ద పోస్టాఫీసు చేరాలి. పత్రికల రాయితీ టపాకు నెలకు ఒక్కటే తారీఖు. ఆ తారీఖు ఈ రోజే.

పదిహేడేళ్ళుగా నెలనెలా జిగురు కాచి చిరునామా చీటీలు అతికిస్తోంది కానీ, లోపల ఏముందో ఆమె ఎన్నడూ చదవలేదు. ప్రెస్సు దశరథం ఈసారి ఒక కాపీ వంకరగా మడిచాడు. దాన్ని సరిచేద్దామని విప్పితే అందులో తన పేరు కనబడింది.

“ఎడిటర్ సాబ్,” అంది తలెత్తకుండా. “ఈ శారమ్మ ఎవరు?”

భర్త జయరాజ్ కిటికీ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తున్నాడు. పోస్టు రోజని తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టాడు. ఇది రెండు వందలవ సంచిక. మొదటి పేజీలో బిషప్పుగారి సందేశం వేశారు. నిన్న సాయంత్రం కాపీలు రాగానే ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని సిరా వాసన చూసి మురిసిపోయిన మనిషి, ఇప్పుడు వాటివైపు చూడటం లేదు.

“నువ్వు చదువుతవనుకోలే,” అన్నాడు.

“చదవననే వేసినవా?”

“అట్ల గాదు శారా.”

“ఎట్లనో చెప్పు.”

అతను కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. శారమ్మ పేజీని వెలుతురుకు తిప్పి పైకి చదివింది. గొంతు తనది కానట్టుంది.

“నా పేరు లక్ష్మవ్వ. మా ఊరు రెంజల్. పెద్దరోగం వచ్చిందని నన్ను ఇంట్లకెళ్ళి బయటికి పంపిన నాడు నా చంకల ఏడాది పిల్ల ఉండె. దవాఖానల మందులు తిని బాగైన. దేవునికి స్తోత్రం. అయితే నేను చేసిన పాపం ఒకటున్నది. పిల్లను ఐదేండ్లకు హాస్టల్ల వేసేటప్పుడు, తల్లి సచ్చిపోయిందని కాయిదం మీద రాయించిన. నన్నెవ్వలు రాయించుమనలే. నేనే రాయించిన. ఇన్నేండ్లాయె, ఆ అబద్ధం సరిచేసుకోలే. నేను బతికే ఉన్న. ఆ బిడ్డ పేరు శారమ్మ. నిజామాబాదుల ఉంటది.”

పత్రిక మూసి చాప మీద పెట్టింది.

“హాస్టల్ల పెరిగిన, తల్లి లేని శారమ్మలు నిజామాబాదుల ఎంతమంది ఉన్నరు? నీకు తెలుసునా? చర్చిల ఉన్నోళ్ళందరికీ తెలుసు. ఒక్కతే.”

“తెలుసు.”

“ఆదివారం బోధనోళ్ళు వస్తున్నరు. అది గూడ తెలుసా?”

తెలియకేం. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు వీరస్వామి కొడుక్కి తమ కూతురు సువార్తను ఇవ్వడానికి నెల క్రితం మాట అయింది. ఆదివారం ఆరాధన అయ్యాక నిశ్చితార్థం. వీరస్వామి ‘కోతకాలం’ మొదటి సంచిక నుంచీ చందాదారుడు. అన్నిటికన్నా ముందు, విశ్వాసులు తమ బతుకులు చెప్పుకునే సాక్ష్యాల పేజీ తీస్తానని, అది చదివాకే చాయ్ తాగుతానని అతనే ఈ ఇంట్లో కూర్చుని చెప్పాడు. ఆ పూట వాళ్ళ ఆవిడ యేసమ్మ, పిల్ల వైపు వాళ్ళెవరెవరని అడిగితే, ‘నాకు తల్లి లేదు వదినా’ అని శారమ్మ తన నోటితోనే చెప్పింది.

“నా తల్లి సంగతి నీకు పెండ్లి నాడే చెప్పిన,” అంది. “పిల్లకు గూడ చెప్పకుండ ఇరవై మూడేండ్లు దాసుకొచ్చిన. ఏడాదికి ఒక్కసారి, క్రిస్మసుకు, చీర తీస్కొని పోయి గడపల నిలబడి ఇచ్చి వస్తున్న. అంతకన్న ఎక్కువ చేసేదానికి నాకు ధైర్యం లేదు. అది నీకు తెల్వదా? నన్ను ఒక్క మాట అడగకపోతివి.”

“అడిగితే వద్దంటవని అడగలే.”

ఆ మాటకు శారమ్మ అతని ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది. ఈ మనిషికి అదీ చేతకాదు.

“పేరు, ఊరు లేని సాక్ష్యం నేను వెయ్య,” అన్నాడు జయరాజ్ నెమ్మదిగా. “పదిహేడేండ్ల నుంచి వేయలే. పెద్ద పాస్టరుగారు ‘ఒక సహోదరుడు, ఒక ఊరు’ అని రాసి పంపితే వాపసు పంపిన. మా బాపు కల్లు దుకాణంల పడి ఉన్న సంగతి మా బాపు పేరు పెట్టి రాసిన. నా ఇంటిదాక వచ్చేసరికి పేరు కొట్టేస్తే, రేపు ఒకరి దగ్గరికి పోయి మీ పేరు పెట్టుండ్రి అని ఏ మొఖంతోని అడగాలె?”

“నీ పేపరు ఇజ్జత్ నీకున్నది. నా పిల్ల ఇజ్జత్ ఎవరికున్నది?”

“రోగం వచ్చి తగ్గుడు ఇజ్జత్ తక్కువ పనా?”

“నాకు చెప్పకు. నీ పేపర్ల రాసుకో. యేసమ్మ వదినకు పోయి చెప్పు.”

వీధిలో ఎవరో మరాఠీలో ఉల్లిగడ్డల ధర అరుచుకుంటూ వెళ్ళారు. శారమ్మ బోధన్ కట్ట మీద చెయ్యి వేసింది.

“ఇది పోస్టుకు పోదు,” అంది.

“శారా, అది నీ సాక్ష్యం గాదు. నాది గాదు. మీ అవ్వది, నిన్ను కన్న తల్లిది. ఎవరు ఇచ్చిండ్రో వాళ్ళే వాపసు తీసుకోవాలె. మొదటి నుంచి పేపరుకు పెట్టుకున్న కట్టుబాటు అదే. అవ్వ వద్దంటే, నీ పేరు మీద తెల్ల కాగితం ముక్క అతికిస్త. తొమ్మిది వందలకు తొమ్మిది వందలు. నేనే కూసుండి అతికిస్త.”

“మాటేనా?”

“మాటే.”

శారమ్మ లేచి చెయ్యి కడుక్కుంది. ఏడో పేజీ ఉన్న ఒక కాపీ సంచిలో పెట్టుకుంది. సువార్త ఖలీల్‌వాడి బడిలో పాఠాలు చెప్పి పన్నెండున్నరకు అన్నానికి వస్తుంది.

“పిల్ల వస్తే ఈ గదిలకు రానియ్యకు,” అని చెప్పి చెప్పులేసుకుంది.

* * *

డిచ్‌పల్లిలో బస్సు దిగేసరికి పన్నెండు దాటింది.

కుష్ఠురోగుల దవాఖాన దాటి కొంత లోపలికి నడిస్తే, జబ్బు తగ్గాక ఊళ్ళకు వెళ్ళలేక అక్కడే ఉండిపోయిన వాళ్ళ ఇళ్ళు ఒక వరుసగా ఉంటాయి. చివరి ఇల్లు లక్ష్మవ్వది. ఎండలో మిరపకాయలు ఆరబోసి, పక్కనే కూర్చుని వాటిని మోచేత్తో తిప్పుతోంది. రెండు చేతులకూ వేళ్ళు మొదళ్ళ దగ్గరే ఆగిపోయి ఉంటాయి.

“క్రిస్మసు ఇంక మస్తు దూరమున్నది,” అంది కూతుర్ని చూసి. “ఏమాయె బిడ్డా? జయరాజ్ పాణం మంచిగున్నదా?”

“మంచిగనే ఉన్నడు.”

“పోయిన మంగళారం వచ్చినప్పుడు దగ్గుతుండె. శొంఠి నీళ్ళు తాగుమన్న.”

శారమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. “మంగళవారం వచ్చిండా?”

“నెలకొకపారి వస్తడు గదా. పేపరు సదివి ఇనిపిస్తడు. నీకు సెప్పడా?”

శారమ్మ గడపలోనే కూర్చుంది. ఇరవై మూడేళ్ళలో తను ఇరవై మూడు సార్లు వచ్చింది. అతను నెలనెలా వస్తున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఒక్కనాడూ అనలేదు. కోపం రావలసిన చోట రాలేదు.

“నా మాటలు రాసిండు,” అంది లక్ష్మవ్వ గొంతు తగ్గించి. అందులో కొంచెం సిగ్గు, కొంచెం గర్వం ఉన్నాయి. “మూడుపార్లు రాసి మూడుపార్లు సదివిండు. ఒకపారి, ‘అగాధ జలములలో మునిగితిని’ అని రాసిండు. నేను ఏ బాయిల పడ్డ కొడకా అన్న. నవ్వి కొట్టేసిండు. నేనన్న మాటనే ఉండాలె, లేకుంటే నీ పేరు ఏసుకో అన్న. అచ్చైందా?”

“అయింది.”

“తెచ్చినవా?”

తెచ్చానని శారమ్మ అనలేదు. కానీ ముసలామె కళ్ళు అప్పటికే సంచి మీద ఉన్నాయి.

“సదువు.”

“అవ్వా, నేను ఒక మాట అడగడానికొచ్చిన.”

“ముందుగాల సదువు. తరువాత అడుగు. యాభై ఏండ్ల తరువాత నా పేరు ఒక కాయిదం మీద మంచి మాటకు పడ్డది. ఇననియ్యవా?”

శారమ్మ పత్రిక తీసింది. ఈ పొద్దు ఇది ఐదోసారి. పేరు చదివింది, ఊరు చదివింది. లక్ష్మవ్వ మిరపకాయలు తిప్పడం మానేసి కళ్ళు మూసుకుని వింటోంది. పెదవులు కదులుతున్నాయి. ఆ మాటలన్నీ ఆమెకు నోటికి వచ్చు.

“నేను బతికే ఉన్న,” అని చదివింది శారమ్మ. “ఆ బిడ్డ పేరు…”

ఆగిపోయింది.

ముందుకు వెళ్ళలేకపోయింది. అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. నోరు తెరుచుకోలేదు.

లక్ష్మవ్వ కళ్ళు తెరిచింది. కూతురి ముఖం చూసింది, ఒళ్ళో ఉన్న పేజీ చూసింది. ఏదో లెక్క కుదిరినట్టు తల ఊపింది.

“ఆడిదాకనే ఉంచుమను,” అంది.

“అవ్వా…”

“సువార్తకు సంబంధమైందటగా. జయరాజే సెప్పిండు. బోధనోళ్ళా?”

“ఆఁ.”

“సదువుకున్నోళ్ళు. పేపరు సదువుతరు.” మోచేత్తో ఒక మిరపకాయను పక్కకు నెట్టింది. “అడుగుతె అవ్వ సచ్చిపోయిందనే సెప్పు. ఒకపారి సెప్పిన మాటనే గదా. మల్ల సెప్పనీకి కష్టమేముంటది?”

“నీకు కోపం లేదా?”

“నీ మీదనా? ఆ కాయిదం మీద రాయించింది నేను. నువ్వు గాదు.” మిరపకాయల మీదికి వంగి అడిగింది, “నీ పేరు తీసేస్తె నా పేరు ఉంటదా?”

“ఉంటది.”

“అయితే సాలు. అన్నం తింటవా? తినవులే. బస్సుకు యాల్లైతది, పో.”

శారమ్మకు కావలసినది దొరికింది. ఒక్క మాట కూడా ఎదురు చెప్పించుకోకుండా దొరికింది. రోడ్డు దాకా నడిచి వెనక్కి చూసింది. లక్ష్మవ్వ మళ్ళీ మిరపకాయలు తిప్పుకుంటోంది. అటు చూడటం లేదు.

బస్సు గంట సేపు రాలేదు.

* * *

ఇంటికి చేరేసరికి మూడు కావస్తోంది.

జయరాజ్ చాప మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. కట్టలు అలాగే ఉన్నాయి. బోధన్ కట్ట ఉన్న చోట చాప ఖాళీగా కనబడింది.

“బోధన్ కట్ట ఏది?”

“సువార్త తీస్కపోయింది.”

“పోస్టుకా?”

“బస్టాండుకు.”

శారమ్మ గోడకు చెయ్యి ఆనించింది.

“అన్నానికొచ్చింది,” అన్నాడు జయరాజ్. “తలుపేసి ఉంటే ఎందుకేసినవ్ బాపు అన్నది. చీటీలు అతికించనీకి కూసున్నది. నేను వద్దన్న. నేను ఏనాడన్న వద్దన్ననా? అందుకే అనుమానం పడ్డది. చదివింది. ఏడుస్తదనుకున్న, ఏడ్వలే. నువ్వు ఎక్కడికి పోయినవని మాత్రం అడిగింది.”

“చెప్పినవా?”

“చెప్పిన.”

“అడగంగనే చెప్పుడే. ఎవరేమడిగినా చెప్పుడే. ఆపలేదా దాన్ని?”

“ఆపిన. ‘అమ్మను అడిగి వేసినవా బాపు, ఇప్పుడు నన్ను ఆపనీకి’ అన్నది.” అతను నేలను చూశాడు. “పోస్టుల పోతే వాళ్ళు ఇంట్ల కూసుండి చదువుకొని వాళ్ళల్ల వాళ్ళే మాట్లాడుకుంటరు, నేనే పోయి చేతికిస్త అన్నది. ఒకటిన్నర బస్సుకు పోయింది.”

అంటే ఈపాటికి వాళ్ళింట్లో ఉంటుంది. యేసమ్మ మంచినీళ్ళు ఇచ్చి ఉంటుంది. నిశ్చితార్థం కాకముందే పిల్ల ఒంటరిగా గడప తొక్కిందేమిటని చుట్టుపక్కల వాళ్ళు తొంగి చూస్తూ ఉంటారు.

“అవ్వ ఒప్పుకున్నది,” అంది శారమ్మ. “నా పేరు తీసెయ్యమన్నది.”

జయరాజ్ లేచి కత్తెర, తెల్లకాగితం తెచ్చుకున్నాడు. వేలెడు పొడుగున ముక్కలు కత్తిరించి, గిన్నెలో మిగిలిన జిగురు పూసి, మొదటి కాపీలో ఏడో పేజీ తీసి అతికించాడు. రెండోది. మూడోది. ముక్క వంకర పోకుండా అతికిస్తున్నాడు. తన జీవితంలో ఇంత శ్రద్ధగా చేసిన పాపం ఇంకొకటి లేనట్టు ఉంది అతని ముఖం.

“నాలుగింటికి కావు,” అంది శారమ్మ.

“కాకపోతే మానె. రాయితీ లేకుండ పంపుత.”

తడి జిగురు పీల్చుకున్న కాగితం కింద నుంచి తన పేరు చక్కగా కనబడుతోంది. ఆరాక కనబడదేమో. ఆరినా, అతికించిన చోటు చూస్తే గీకి చూడని మనిషి ఉంటాడా?

“అక్కా,” అని వీధిలోంచి కేక వినబడింది. రెండిళ్ళ అవతల మందుల దుకాణం లింబాద్రి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. “శారమ్మక్కా, బోధన్ నుంచి ఫోను. లైన్ల ఉన్నరు. జర జల్ది.”

జయరాజ్ చేతిలోని ముక్క అలాగే ఆగింది. అతను లేవబోతే శారమ్మ వద్దన్నట్టు చూసి తనే వెళ్ళింది.

దుకాణంలో ఇద్దరు మందులకు నిలబడి ఉన్నారు. లింబాద్రి వాళ్ళకు దగ్గు సిరప్పు ధర గట్టిగా చెబుతూ, తనకేమీ వినబడదన్నట్టు అటు తిరిగాడు. శారమ్మ రిసీవరు ఎత్తింది.

“అమ్మా,” అని సువార్త గొంతు వినబడుతుందనుకుంది.

“వదినా, నేను యేసమ్మను.”

“ఆఁ, చెప్పు వదినా.”

“పిల్ల వచ్చింది. నువ్వు ఫికర్ చెయ్యకు, కూసున్నది. పేపరు తెచ్చి ఆయన చేతుల పెట్టింది. ఏందమ్మా అంటే, చదవండి, ఏమన్న అడిగేదుంటే మా అమ్మను అడగండి అంటది. ఇంకొక మాట లేదు. మా ఆయన చదివిండు. చదివినకాడికెళ్ళి గమ్మునున్నడు. నేను ఎస్టీడీ డబ్బా కాడికొచ్చి చేస్తున్న.”

వెనక లారీ వెళ్ళిన చప్పుడు. యేసమ్మ గొంతు తగ్గించింది.

“వదినా, శారమ్మ అనే పేరు మనోళ్ళల్ల మస్తుమందికి ఉన్నది. నువ్వు నాకు తల్లి లేదని చెప్పినవ్, నాకు యాదికున్నది. నేను అదే మా ఆయనకు చెప్పుత. మా అత్త పాతకాలం మనిషి, రోగమంటే మస్తు భయం. పిల్ల మాకందరికి నచ్చింది. గీ ఆదివారం చెడగొట్టుకునుడు నాకిష్టం లేదు. నువ్వు కాదు అను. ఒక్క మాట. నేను చూసుకుంట.”

అబద్ధానికి తలుపు తెరిచే ఉంది. లోపలికి రమ్మని పిలుస్తున్నదీ అవతలి మనిషే. లోపలికి వెళ్ళడానికి అవ్వ కూడా సరేనంది. ఒకసారి చెప్పిన మాటేగా అంది.

శారమ్మ నోరు తెరిచింది. మిరపకాయల ఘాటు ఇంకా గొంతులో ఉంది.

“నేనే వదినా,” అంది.

అవతల ఇంకో లారీ వెళ్ళింది.

“ఆ శారమ్మను నేనే. లక్ష్మవ్వ మా అవ్వ. బతికే ఉన్నది. ఇప్పుడే ఆమె తాన కూసుండి వస్తున్న. నీకు అబద్ధం చెప్పిన.”

దుకాణంలో లింబాద్రి ధర చెప్పడం ఆపేశాడు. మందుల కోసం నిలబడిన మనిషి చిల్లర పట్టుకుని అలాగే ఉండిపోయాడు. శారమ్మ వాళ్ళకు వీపు తిప్పలేదు.

“అయ్యో వదినా,” అంది యేసమ్మ. “కాదను అంటిగదా.”

ఆ తర్వాత రిసీవరు మీద చెయ్యి మూసినట్టు చప్పుడు. ఆ చెయ్యి వెనక ఒక మగగొంతు. ఏమంటోందో తెలియలేదు. సువార్త పేరు ఒకసారి వినబడింది, రెంజల్ అన్న మాట వినబడింది. మళ్ళీ ఆ గొంతే, ఈసారి హెచ్చుగా.

చెయ్యి తీసిన చప్పుడు.

“వదినా,” అంది యేసమ్మ. గొంతు మారిపోయింది. “మా ఆయన వచ్చిండు, మాట్లాడుతడట. ఉండు, ఇస్తున్న.”

ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతోంది. శారమ్మ రిసీవరును రెండో చెవికి మార్చుకుని, ఏమడిగినా ఇదే మాట చెప్పడానికి నిలబడి ఉంది.